బెల్టు కోసిన బండ్లు

స్టీరింగు బరువుగా ఉందని ఎవరైనా బండి తెస్తే, బానెట్ ఎత్తే ముందు తెచ్చిన మనిషిని చూడండి. బండి తనదేనా, జీతానికి నడుపుతున్నాడా అని అడగండి. ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నదాంట్లో సగం ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. తాను నడుపుకునే బండికి మనిషి అసలు సామాను వేయిస్తాడు. జీతగాడు నడిపే బండికి ఏదో ఒకటి చేసి పంపించమంటాడు.

నేను కలకత్తా ఖిదిర్‌పూర్‌లో పుట్టాను. మా నాన్న శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి వచ్చి ఓడరేవు డాక్‌లో బస్తాలు మోశాడు. నేను మోయకూడదని గ్యారేజీలో పెట్టాడు. అక్కడ మొదలుపెట్టి, మొన్నటిదాకా ఒక అద్దె కార్ల కంపెనీలో ఫోర్మన్‌గా చేశాను. బెంగాలీలు నన్ను రావ్‌దా, అంటే రావన్నా అన్నారు, మనవాళ్లు మావయ్య అన్నారు. ఇప్పటికీ మన వైపు నుంచి కుర్రాళ్లు హౌరాలో రైలు దిగి ఈ ఊరి గ్యారేజీల్లో చేరుతున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. పని మీద ప్రేమ పుట్టించే మాటలు కావాలంటే ఇంకెవరినైనా అడగండి, నా దగ్గర లేవు.

కోయడం వేరు, మార్చడం వేరు

పవర్ స్టీరింగును మాన్యువల్ చేయమని అడిగేవాళ్లు మీకు తరచుగా తగులుతారు. కొత్త బండ్లలో కరెంటు మోటారు వచ్చేసింది, కానీ అద్దెకు తిరిగే పాత బండ్లలో ఇంకా నూనెతో నడిచేదే ఎక్కువ. అందులో జరిగేది ఇంతే. ఇంజన్ ఒక బెల్టుతో పంపును తిప్పుతుంది. పంపు నూనెను ర్యాక్‌లోకి తోస్తుంది. ర్యాక్ అంటే రెండు ముందు టైర్ల మధ్య అడ్డంగా ఉండే గొట్టం, దాని లోపల పళ్ల కడ్డీ. మనం స్టీరింగు తిప్పినప్పుడు ఆ నూనె కూడా మనతోపాటు ఒక చెయ్యి వేస్తుంది.

ఈ ఊళ్లో వానాకాలం వస్తే వీధులు కాలవలవుతాయి. ర్యాక్ చివర ఉండే రబ్బరు తొడుగు చిరిగిందంటే బురద నీళ్లు లోపలికి పోతాయి. కడ్డీ తుప్పు పడుతుంది, ఆ తుప్పు సీళ్లను కోస్తుంది, నూనె కారడం మొదలవుతుంది. కొత్త పవర్ ర్యాక్ వేయడం యజమానికి ఇష్టం ఉండదు. అప్పుడు ‘మాన్యువల్ చేసెయ్’ అనే మాట పుడుతుంది.

సరిగ్గా చేయాలంటే పవర్ ర్యాక్ మొత్తం దించేయాలి. అదే బండి తక్కువ మోడల్‌కు వచ్చే మాన్యువల్ ర్యాక్ ఎక్కించాలి. ఈ రెండింటి పళ్లు వేరు. నూనె సాయం ఉంటుందనే ధైర్యంతో పవర్ ర్యాక్‌ను తక్కువ చుట్లకే టైర్లు తిరిగేలా చేస్తారు. మాన్యువల్ ర్యాక్‌కు స్టీరింగు ఎక్కువ చుట్లు తిప్పాలి, కానీ చేతికి తేలిగ్గా వస్తుంది. పంపు, పైపులు, నూనె సీసా తీసేయాలి. పంపు పోయాక బెల్టు కొలత మారుతుంది కనుక సరైన బెల్టు వెతికి వేయాలి. చివర్లో వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. ఇలా చేసిన బండి బాగానే నడుస్తుంది. దాన్ని నేను తప్పు పట్టను.

బ్యాంకు ఆఫీసరుగా ఇక్కడికి వచ్చిన మన తెలుగాయన ఒకాయన కావాలనే అలా చేయించుకున్నాడు. పవర్ ఉంటే రోడ్డు చేతికి తెలియడం లేదని ఆయన బాధ. చెప్పినవన్నీ కొనుక్కొచ్చాడు, పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని చేయించాడు. నెల తిరక్కుండా భార్యను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. వాళ్ల అపార్టుమెంటు కింద ఇరుకు జాగాలో ఆవిడ బండి పెట్టలేకపోతోందట, పాతదే మళ్లీ ఎక్కించమన్నాడు. ఎక్కించాను. నడిపేవాళ్లకు నోరుంటే బండి ఎంత త్వరగా బాగవుతుందో అక్కడే చూశాను.

ఇక బెల్టు కోయడం. బ్లేడు తీసుకుని పంపు బెల్టు కోసి పారేస్తారు. పంపు ఆగుతుంది, కారడం తగ్గుతుంది, యజమాని మొహం వికసిస్తుంది. లోపల పవర్ ర్యాక్ అలాగే ఉంటుంది. ఆ పళ్లతో, లోపల మిగిలిపోయిన నూనెను కూడా తోసుకుంటూ, మనిషి తన ఒంటి బలంతో టైర్లు తిప్పాలి. బండి వేగంలో ఉన్నప్పుడు తేడా పెద్దగా తెలియదు. ఆగి ఉన్నప్పుడు, మెల్లగా మలుపు తీసేటప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. యజమాని మాత్రం ఖాళీ రోడ్డు మీద నేరుగా ఓ రౌండు కొట్టి బాగానే ఉంది కదా అంటాడు.

మా గ్యారేజీలో హల్దార్ అనే మెకానిక్ ఉండేవాడు. బ్లేడు జేబులోనే పెట్టుకు తిరిగేవాడు. ఒకసారి ఏ బెల్టు దేన్ని తిప్పుతుందో చూడకుండా ఉన్న బెల్టు కోసేశాడు. ఆ మోడల్‌లో ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ల పంపును తిప్పేది కూడా అదే బెల్టు. బండి హౌరా వైపు వంతెన మీద పొగలు కక్కి ఆగిపోయింది, వెనక ట్రాఫిక్ అంతా ఆ డ్రైవరు తాతముత్తాతలను తిట్టిపోసింది. హల్దార్‌ను ఎవరూ ఏమీ అనలేదు. వేగంగా పని చేస్తాడని వాడికి మంచి పేరు.

సేన్ బాబు

మా యజమాని పేరు సేన్ బాబు. నోరు పారేసుకునే మనిషి కాదు. మీరేదైనా అడగడానికి వెళ్తే కూర్చోమంటాడు, మిఠాయి తెప్పిస్తాడు, మీ ఇంట్లో వాళ్లందరి ఆరోగ్యం అడుగుతాడు. మీరు బయటికొచ్చాక గానీ అడిగింది దొరకలేదని తెలియదు. సామాన్ల గది తాళం ఆయన నడుముకే ఉండేది. కొత్త సామాను అనే మాట వింటే ఆయనకు చెవుడు వచ్చేది.

అరిచే యజమాని దగ్గర పని చేయండి, పర్వాలేదు. కనీసం మీకు కోపమైనా వస్తుంది. సేన్ బాబు లాంటివాళ్ల దగ్గర కోపం రావడానికే ఏళ్లు పడుతుంది, ఈలోగా మన వయసు అయిపోతుంది. నాకు జరిగింది అదే.

రవణ

రవణ మా ఖిదిర్‌పూర్ పిల్లే. వాళ్ల నాన్నా మా నాన్నా డాక్‌లో ఒకే ముఠా. మొగుడు బడ్జ్ బడ్జ్‌లో జూట్ మిల్లుకు వెళ్లేవాడు, మిల్లు లాకౌట్ అయ్యాక ఇంట్లో కూర్చున్నాడు. ఆడవాళ్లకు డ్రైవింగు నేర్పే చోట నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, నన్ను పట్టుకుని మా కంపెనీలో చేరింది. ఇద్దరు ఆడపిల్లల చదువు, ఇంటద్దె, పొయ్యి మీద కుండ, అన్నీ ఆ ఉద్యోగం మీదే. మా కంపెనీలో ఆడ డ్రైవరు ఆమె ఒక్కతే. న్యూ టౌన్‌లో ఆఫీసు ఆడపిల్లలను దింపడానికి ఆడ డ్రైవరు ఉంటే బాగుంటుందని సేన్ బాబు చేర్చుకున్నాడు తప్ప దయతో కాదు.

మగ డ్రైవర్లు మొదట్లో ఆటపట్టించారు. తర్వాత వదిలేశారు. ఆమె బండి బాగా నడిపేది, ఆ సంగతి వాళ్లకూ తెలుసు.

ఆ ఏడాది వానలకు ఆమె బండి ర్యాక్ కారడం మొదలైంది. అప్పటికే నాలుగైదు బండ్లకు బెల్టు కోయించి డ్రైవర్ల చేత తిట్లు తింటున్నాడు సేన్ బాబు. దీనికీ కోసెయ్యమన్నాడు. నేను ఒప్పుకోలేదు. యాక్సిడెంట్‌లో నుజ్జయిపోయిన ఒక తక్కువ మోడల్ బండి నుంచి విప్పిన మాన్యువల్ ర్యాక్ ఒకటి సామాన్ల గదిలో పడి ఉంది. దాన్ని ఇవ్వండి, సరిగ్గా చేస్తానన్నాను. ఊరికే పడి ఉన్నదే కనుక తాళం తీశాడు.

ఆ పని నేను నా చేతులతో చేశాను. ర్యాక్ విప్పి కడిగి, కొత్త గ్రీజు పెట్టి, జాయింటు కుదిర్చి, బెల్టు మార్చి, అలైన్‌మెంట్ దగ్గర నిలబడి చేయించాను. బండి నిలబెట్టి తిప్పకు, కొంచెం కదలనిచ్చి తిప్పు అని రవణకు చెప్పాను. యార్డులో ఒక రౌండు తిప్పి వచ్చి, “మావయ్యా, ఇది ఎక్కువ సుట్లు తిరుగుతాది గాని సేతికి నొప్పి నేదు” అంది. నాకు చాలా సంతోషం వేసింది, దాచడం దేనికి.

ఒంటి చేత్తో

అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ కథ మీకు చెప్పే పనే లేదు.

రెండు వారాల తర్వాత డ్రైవర్లంతా బెల్టు కోసిన బండ్లు నడిపేది లేదని మొండికేశారు. సేన్ బాబు అందరినీ ఉదయాన్నే యార్డులోకి పిలిచాడు. రవణను ఆమె బండిలో కూర్చోబెట్టి స్టీరింగు తిప్పి చూపించమన్నాడు. దేనికో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. బాగా చేసిన పనిని నలుగురికీ చూపిస్తున్నాడనుకున్నాం. బండిని మెల్లగా కదిలిస్తూ ఆమె ఒంటి చేత్తో ఇటు నుంచి అటు దాకా తిప్పేసి, కిటికీలోంచి నా వైపు చూసి నవ్వింది.

సేన్ బాబు డ్రైవర్ల వైపు తిరిగి, దీనికీ పవర్ లేదు, ఆడపిల్ల ఒంటి చేత్తో తిప్పుతోంది, మీకేం వచ్చింది అని బెంగాలీలో మెత్తగా అడిగాడు.  ఆ మధ్యాహ్నమే హల్దార్ బ్లేడు పట్టుకుని, కారుతున్న ప్రతి బండి దగ్గరికీ వెళ్లాడు.

ఆమె బండిలో ఉన్నది వేరే ర్యాక్ అని సేన్ బాబుకు చెప్పాను. స్టీరింగు స్టీరింగే కదా రావ్‌దా అన్నాడు. డ్రైవర్లకూ చెప్పాను. వాళ్లు కళ్లారా చూశారు, నా మాట ఎందుకు నమ్ముతారు? మన పిల్లను వెనకేసుకొస్తున్నానని అనుకున్నారు. ఆమె వల్లే తమకు ఈ బాధ అని తేల్చేసుకున్నారు. టీ కొట్టు దగ్గర ఆమె వస్తే లేచిపోయేవాళ్లు. మాన్యువల్ దీదీ అని పేరు పెట్టారు. చివరికి, ఆమెకంత తేలికైతే మా బండి ఆమెకివ్వండి, ఆమె బండి మాకివ్వండి అని పట్టుబట్టారు. గొడవ సద్దుమణుగుతుందని సేన్ బాబు సరేనన్నాడు. నేను చేసిన బండి వాళ్లలో పెద్దవాడికి పోయింది. రవణకు బెల్టు కోసిన బండి వచ్చింది.

మంచి పని చేస్తే అది ఎవరి చేతిలో ఆయుధమవుతుందో మనకు తెలియదు. అందుకని చెడగొట్టమని చెప్పను. ఎవరికి చూపిస్తున్నారో, ఎందుకు చూపిస్తున్నారో మాత్రం అడగండి.

కొన్నాళ్లకు రవణ నా దగ్గరికి వచ్చింది. అప్పుడు చేసినట్టే దీనికీ చెయ్యమంది. ర్యాక్ ఎక్కడిది? సేన్ బాబును అడిగాను. మిఠాయి తెప్పించాడు. నేను చేయగలిగిందల్లా లోపల మిగిలిన నూనె పూర్తిగా తీసేసి, టైర్లలో గాలి కాస్త ఎక్కువ పెట్టడం. దాంతో పిసరంత తేడా వచ్చింది.

కుడి భుజం పట్టేసింది ఆమెకు. పిల్లలకు జడలు మొగుడు వేస్తున్నాడని రవణ తల్లి మా ఆవిడతో చెప్పింది. డ్యూటీ మార్చమని అడగమన్నాను. “ఎలగడగతాను మావయ్యా? ఆడది తిప్పలేదని ముందే అన్నారు. నానిప్పుడు తిప్పలేనంటే అదే నిజమైపోద్ది” అంది. ఆమె బాధ నాకు అర్థమైంది. ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది, ఒప్పుకోకపోతే చెయ్యి పోతుంది.

యార్డులో ముగ్గురు తెలుగువాళ్లు

నిమాయి అనే డ్రైవరు న్యూ టౌన్‌లో ఆఫీసు గేటు ముందు యూ టర్ను తీస్తూ డివైడరును గుద్దాడు. అది కూడా బెల్టు కోసిన బండే. వెనక కూర్చున్న అమ్మాయి మణికట్టు విరిగింది. స్టీరింగు తిరగలేదని నిమాయి చెప్పాడు. ఫోన్‌లో మాట్లాడుతున్నాడని సేన్ బాబు చెప్పాడు. నిమాయి నెమ్మదస్తుడు, అబద్ధమాడే మనిషి కాదు. బండి నడిపేటప్పుడు అతను ఫోను ముట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ అమ్మాయి పని చేసే ఆఫీసు నుంచి అడ్మిన్ ఆఫీసరు స్వయంగా బండ్లు చూడటానికి వచ్చాడు. శ్రీకాంత్ అని, హైదరాబాద్ నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన కుర్రాడు. నేను ఫోన్‌లో మా ఆవిడతో మాట్లాడుతుంటే విని, మీరు తెలుగాయనా అని దగ్గరికి వచ్చాడు. సేన్ బాబు పక్కనే నవ్వుతూ నిలబడి ఉన్నాడు. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు.

నేను మొత్తం చెప్పేశాను. ర్యాక్‌ల తేడా చెప్పాను, బెల్టు కోయడం చెప్పాను. ఇలాంటి బండి మెల్లగా మలుపు తీసేటప్పుడు మొండికేస్తుందని, నిమాయి తప్పేమీ లేదని చెప్పాను. గోడ దగ్గర నిమాయి తల దించుకుని నిలబడి ఉన్నాడు. అతనికి మా భాష తెలియదు కానీ తన పేరు వినబడుతోంది. శ్రీకాంత్ శ్రద్ధగా విన్నాడు. ఇంతకాలానికి నా మాట వినేవాడు ఒకడు దొరికాడనుకున్నాను.

సేన్ బాబు తెలివి తక్కువవాడు కాదు. భాష రాకపోయినా నా చేతులు తిరిగే తీరు చూస్తే తెలిసిపోతుంది. రవణను పిలవమన్నాడు. నిమాయి బండి నుజ్జయింది కనుక అలాంటిదే ఆమె బండి చూడండని ఆఫీసరుకు చెప్పాడు. ఈ ఆఫీసు కాంట్రాక్టు పోతే ముందు పోయేది ఎవరి ఉద్యోగమో ఆ పొద్దున్నే ఆమెను కూర్చోబెట్టి, మిఠాయి పెట్టి మరీ చెప్పాడట. అది నాకు తర్వాత తెలిసింది.

ఆమె వచ్చి సీట్లో కూర్చుంది. ఈమె కూడా మన తెలుగు పిల్లే అని శ్రీకాంత్‌కు చెప్పాను. శ్రీకాంత్ కిటికీ దగ్గరికి వంగి మెల్లగా అడిగాడు. “చూడమ్మా, మీ సార్‌కు తెలుగు రాదు. నువ్వు చెప్పేది నాకు, ఈ పెద్దాయనకు తప్ప ఎవరికీ తెలవదు. భయపడకు. ఇది తిరుగుతదా, తిరగదా?”

నేను ఆమె మొహం చూస్తూ నిలబడ్డాను. ఒక్క మాట చాలు. ఆ మాట అన్నా సేన్ బాబుకు అర్థం కాదు.

రవణ నా వైపు చూడలేదు. పాదాలు నేలకు తన్నిపెట్టి, వీపు సీటుకు ఆనించి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుంది. నిలబడి ఉన్న బండిలోనే ఎడమ చివరిదాకా తిప్పింది. టైర్లు నేల మీద రాసుకుంటూ మూలిగాయి. అక్కడి నుంచి కుడి చివరిదాకా తిప్పింది. పళ్ల బిగువున ఒక్క చప్పుడు కూడా బయటికి రానివ్వలేదు. మెడ మీద నరాలు తేలాయి. తిప్పడం అయిపోయాక, “తిరుగుతాదండి” అంది.

శ్రీకాంత్ ఒక్క క్షణం ఆమెను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఆమెకు పట్టిన చెమట అతనికి కనపడలేదని నేననుకోను. కానీ అతనికీ మర్నాడు పొద్దున బండ్లు కావాలి. తిరిగింది కదండీ అని నాతో అని, సేన్ బాబుతో చెయ్యి కలిపి, గదిలోకి టీకి వెళ్లాడు. టీ తాగేలోపే నిమాయి ఉద్యోగం పోయింది. బండ్లు మాత్రం పోలేదు. ఇప్పటికీ ఆ ఆఫీసుకే తిరుగుతున్నాయి.

వాళ్లు లోపలికి వెళ్లాక నేను రవణ బండి దగ్గరికి వెళ్లాను. ఒళ్లు మండిపోతోంది నాకు. ఏటే ఇది, ఒక మనిషి కూడు పోయింది కదే అన్నాను. నన్ను అబద్ధాలకోరును చేశావన్నాను. ఆమె ఇంకా స్టీరింగు పట్టుకునే ఉంది.

“నువ్వు నిజమే సెప్పినావు మావయ్యా, నాను కాదన్నానా? నీకు వొచ్చే నెల్లో పని ఐపోతాది. ఇంట్లో కూకుంటావు. నాకు రేపు డ్యూటీ ఉంది.”

  దీనికి జవాబు మీలో ఎవరికైనా దొరికితే మీ దగ్గరే ఉంచుకోండి.

దిగబోయి, “ఆ తలుపు తియ్యి మావయ్యా, సెయ్యి లెగట్నేదు” అంది.

తలుపు తీశాను. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని దిగి, కుళాయి వైపు వెళ్లిపోయింది. గోడ దగ్గర నుంచి నిమాయి నా దగ్గరికి వచ్చాడు. అంతసేపు మేం ముగ్గురం మాట్లాడుకున్నదాంట్లో అతనికి ఒక్క ముక్క తెలియలేదు. రావ్‌దా, ఆమె నా గురించి ఏం చెప్పింది అని అడిగాడు.

నీ గురించి ఏమీ చెప్పలేదు, స్టీరింగు తిరుగుతుందని చెప్పింది అన్నాను.